ఉప్పు సరిపోయిందని ఎవరూ అనకూడదు

ఆకలి ప్రజల సొంత వ్యవహారం, అన్నం మాత్రం శాఖాపరమైన విషయం. ఈ చిన్న తేడా తెలియక, ఆకలేసినవాడి ఎదురుగా అన్నం ఉంటే తినేయవచ్చని అనుకునే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. వారి కళ్లు తెరిపించడానికే ప్రభుత్వంవారు ‘అత్యవసర ఆహార సహాయ నియమావళి’ అనే మహాగ్రంథాన్ని అచ్చు వేయించారు. తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేనంత లావుంటుంది. (క్యాంపుల్లో దిండ్లు లేవన్న ఫిర్యాదుకు జవాబుగా శాఖవారు ఆ పుస్తకాన్నే పంపి ఊరుకున్నారని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. దిండ్ల ఫిర్యాదు ఇంకా పరిశీలనలోనే ఉంది.)

ఆ గ్రంథాన్ని చంకలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని, వరద నీళ్లలో పడవ దిగి బడి మెట్లెక్కిన పెద్దమనిషే మన క్యాంపు అధికారి. ఆయన అసలు ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. దుకాణాల్లో తక్కెడలు సరిచూసి ముద్ర వేయడం తప్ప మరో పాపం ఎరగడు. వరద రాగానే పైవాళ్లు, సహాయక చర్యలకు శాఖకొక మనిషిని ఇమ్మన్నారు. ప్రతి శాఖా తనకు లేకపోయినా గడిచిపోయే మనిషిని వెతికి మరీ ఇచ్చింది.

బడి దిబ్బ మీద కట్టింది గనక మునగలేదు. దాని చుట్టూ ఎటు చూసినా నీళ్లే. తరగతి గదుల్లో బల్లలు గోడకు చేర్చి, దిగువ వీధుల జనమంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు. మన అధికారి వరండాలో కాలు పెట్టాడో లేదో, ఐదో తరగతి గది గుమ్మంలోంచి ఒక గొంతు ఖంగుమంది.

"అయ్యో, మా అల్లుడుగారే! ఏమర్రా, ఎవరైనా ఓ కుర్చీ తెండర్రా!"

అది ఆయన సొంత అత్తగారి గొంతు. దిగువ వీధిలో ఆవిడ ఇల్లు కిటికీల దాకా మునిగింది. కట్టుబట్టలతో, చక్కెర జబ్బు మాత్రల డబ్బాతో క్యాంపు చేరింది. వేళకింత తిని మాత్ర వేసుకోకపోతే ఆవిడకు కళ్లు తిరుగుతాయి. తిరిగేముందు నోరు తిరుగుతుంది. ఆ రెండో సంగతి అల్లుడికి పెళ్లయిన మర్నాటి నుంచీ తెలుసు.

ఆ ఒక్క కేకతో ఆయన నియామక పత్రంలో రాసిన హోదా కాస్తా రద్దయిపోయింది. తాపీమేస్త్రికీ, దర్జీకీ, లెక్కల మాస్టారికీ, చంకలో పిల్లల తల్లులకీ, ఆఖరికి పాలు తాగే పిల్లలకీ కూడా ఆయన అల్లుడుగారే. మామూలుగా అల్లుడు అత్తారింటికి వెళ్తే మర్యాదలు అందుకుంటాడు. ఇక్కడ అత్తారి ఊరంతా ఒక కప్పు కింద చేరి మర్యాదల కోసం అల్లుడి మొహంకేసి చూస్తోంది.

ముందురోజంతా ఆ క్యాంపుకు అందింది మంచినీళ్లూ, ధైర్యమూను. (ధైర్యాన్ని మంత్రిగారు స్వయంగా విమానంలోంచి చెయ్యి ఊపి పంపిణీ చేశారు. కొందరికి అందలేదన్న ఆరోపణ ఉంది. వాళ్లు ఆ సమయంలో తల పైకెత్తలేదని విచారణలో తేలింది.) పెద్దవాళ్లు ఓర్చుకున్నారు గానీ, పిల్లలు రాత్రంతా ఏడ్చి ఏడ్చి తెల్లారేసరికి ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నారు.

అదృష్టవశాత్తూ ఆయనతో పాటు పడవలో బియ్యం, పప్పు బస్తాలు, వాటి వెనకాలే ఒక వంటమేస్త్రి దిగాడు. బడి వెనక మూడు రాళ్ల పొయ్యి వెలిగింది. బియ్యం, పప్పు, దొరికిన కూరగాయలూ అన్నీ ఒకే గుండిగలో పడి ఉడికాయి. ఇలాంటి వంటను మనం ఇంట్లో అయితే ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తాం. నియమావళిలో దాని పేరు ‘అత్యవసర పోషక సమ్మిశ్రమం’. పేరు ఎంత భయంకరంగా ఉన్నా, మేస్త్రి మూత తీసేసరికి ఆ వాసన వరండా అంతా కమ్మేసింది. ఎవరూ చెప్పకుండానే జనం వరుస కట్టారు. ఎవరి చేతిలో వాళ్లకు దొరికిన గిన్నె, పళ్లెం, ఒకాయన చేతిలో బడి గంటగా కొట్టే రేకు.

అల్లుడుగారు అప్పుడు గ్రంథం తెరిచాడు. తెరవకుండా ఉండాల్సింది. కానీ ఆయన నిజాయితీపరుడు.

"వండిన ఆహారమును రుచి పరీక్షాధికారి స్వయముగా రుచి చూచి, ‘యోగ్యము’ అని ధ్రువీకరించిన పిమ్మటనే పంపిణీ చేయవలెను."

ఈ నిబంధన వెనక ఒక చరిత్ర ఉంది. పూర్వం ఎప్పుడో యుద్ధం జరిగినప్పుడు, శరణార్థుల అన్నంలో శత్రువు విషం కలుపుతాడేమోనని ఎవరో తెలివైనవాడు ఒక అధికారిని ముందు తినమన్నాడు. యుద్ధం అయిపోయింది. శత్రువుతో ఇప్పుడు వ్యాపారం కూడా చేస్తున్నాం. ఆ అధికారి ఉద్యోగం మాత్రం అలాగే ఉండిపోయి, ఒక శాఖగా పెరిగి, రెండంతస్తుల భవనంలో స్థిరపడింది. వరదలకూ తుపాన్లకూ కూడా అదే నిబంధన వర్తింపజేశారు. వరద ఎప్పుడైనా అన్నంలో విషం కలిపిందా అని అడిగిన ఒక గుమస్తాను పొడినేల ఎక్కడా లేని చోటికి బదిలీ చేశారు.

అల్లుడుగారు రుచి పరీక్షాధికారికి ఫోన్ చేశాడు.

"అన్నం సంగతైతే నా దగ్గర ఎత్తకండి బాబూ," అంది అవతలి నుంచి ఒక నీరసపు గొంతు. "నిన్నట్నుంచి తిరిగిన క్యాంపు తిరక్కుండా తింటూనే ఉన్నాను. ఎక్కడ చూసినా అదే వంట. ఇప్పుడు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. మూడు రోజుల దాకా నోట్లో మెతుకు పెట్టొద్దన్నాడు డాక్టరు."

"మరి మా క్యాంపు సంగతేంటండీ?"

"నా కడుపులో చోటు లేదండీ. నేనూ మనిషినే కదా. మూడు రోజులు ఓపిక పట్టమనండి మీవాళ్లని."

ఆ పూట ఆ చుట్టుపక్కల కడుపు నిండి బాధపడుతున్న మనిషి ఆయనొక్కడే. రూలు ప్రకారం ముందు తినవలసిన మనిషి కూడా ఆయనే.

ఇక లాభం లేదని పై అధికారిణికి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా సావధానంగా విని చాలా స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. "చూడండి, రూలు తప్పకూడదు. అన్నం పాడవకూడదు. జనం ఇబ్బంది పడకూడదు. ఈ విషయంలో నాకు మళ్లీ ఫోన్ రాకూడదు. పక్క క్యాంపు ఆఫీసరు సంగతి తెలుసుగా?"

తెలుసు. పక్క క్యాంపు ఆఫీసరు ధ్రువీకరణ లేకుండా వడ్డించినందుకు సస్పెండయ్యాడు. ‘ఆకలి ఒత్తిడికి లొంగి’ అని ఉత్తర్వులో రాశారు.

ఈలోగా వరుస ముందుకు జరిగి గుండిగను చుట్టేసింది. తాపీమేస్త్రి అందరి తరఫునా గొంతు సవరించుకున్నాడు. "అల్లుడుగారూ, విషం ఉన్నా సరే తింటాం. ముందు వడ్డించమనండి."

(విషం తినకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. ధ్రువీకరణ లేనిది తినకూడదని ఉంది.)

అల్లుడుగారు నీళ్లు నమిలాడు. తడారిన నోట్లో అవి కూడా లేవు. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి భార్య ఫోన్. దారులన్నీ మునిగి ఆమె పట్నంలో అద్దె ఇంట్లో చిక్కుకుపోయింది.

"అమ్మ తిందా?"

"తింటుంది. ఇంకాస్సేపట్లో..."

"ఇంకా తినలేదా? మాత్ర వేసుకునే టైమయిపోయింది! అసలు మీరక్కడ ఏం చేస్తున్నారండీ?"

"రూలు చదువుతున్నాను."

"చదవండి, చదవండి. మా అమ్మకేమన్నా అయితే ఆ పుస్తకంతోనే కాపురం చేద్దురుగాని," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అత్తగారు ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. మొహం పాలిపోయింది, చేతి వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. అయినా గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆవిడ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. దిగువ వీధిలో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా వడ్డనకు ముందు ఆవిడకు కబురు వెళ్లాల్సిందే. ఆవిడ వచ్చి, అరచేతిలో నాలుగు చుక్కలు వేయించుకుని, నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ‘ఉప్పు తక్కువైందే’ అనాలి. బాగుంది అని ఆవిడ అనగా విన్నవాళ్లు ఆ వీధిలో లేరు. కూతురి పెళ్లిలో కూడా అనలేదు.

"ఏముందండీ ఆ పుస్తకంలో అంతసేపు? కళ్లజోడు నీళ్లలో పోయింది నాకు. పైకి చదవండి, అందరం వింటాం," అంది.

అల్లుడుగారు చదివాడు. ఎండలో నిలబడి, ఖాళీ పళ్లేలు పట్టుకుని, జనం నియమావళి విన్నారు. (ఆ గ్రంథాన్ని ప్రజలు ఇంత శ్రద్ధగా విన్న సందర్భం మరొకటి లేదు. శాఖ తన వార్షిక నివేదికలో దీన్ని చేర్చుకోవచ్చు.)

"రుచి పరీక్షాధికారి అందుబాటులో లేని పక్షమున, క్యాంపు అధికారి తాత్కాలిక రుచి పరీక్షకులను నియమించుకొనవచ్చును..."

"ఆగండాగండి," అంది అత్తగారు. "అదేదో మళ్లీ చదవండి."

మళ్లీ చదివాడు.

"పరీక్షకుడంటే ఎవరుండాలి? చదువుకున్నవాళ్లేనా?"

"నోరున్న వ్యక్తి అయి ఉండవలెను అని ఉందండి."

"ఉంది నాకు," అందావిడ. ఆ విషయంలో క్యాంపులో ఎవరికీ అనుమానం లేదు.

"ఎంత తినొచ్చు?"

అల్లుడుగారు వేలితో ఆ పంక్తిని వెతుక్కున్నాడు. "రుచి నిర్ధారణకు సరిపడినంత పరిమాణము." అని చదివి ఒక్క క్షణం ఆగిపోయాడు. సరిపడినంత! తూనికలు కొలతల శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషి. ‘సరిపడినంత’ అని బోర్డు పెట్టి అమ్మిన దుకాణదారుడికి అక్కడికక్కడే జరిమానా రాసిన చెయ్యి అది. గ్రాములు లేవు, గరిటెలు లేవు, చెంచా కూడా లేదు. ప్రభుత్వం వారి పుస్తకంలో కొలత లేని మాట ఒకటి అలా ఒంటరిగా నిలబడి ఉంది.

"కానివ్వండి, తర్వాతేముంది?"

"‘యోగ్యము’ అని తేలిన వెంటనే పాత్రకు సీలు వేసి, పంపిణీ అనుమతికై పై కార్యాలయమునకు తెలియజేయవలెను."

"ఎప్పటికొస్తుందీ ఆ అనుమతి?"

"ఆదివారం సెలవు కదండీ. సోమవారం..."

వరుసలో ఎవరో అమ్మో అన్నారు.

"ఒకవేళ బాలేదంటేనో?"

"ఒక పరీక్షకుడు లోపము చెప్పినచో, దానిని మరియొకరు రుచి చూచి ధ్రువీకరించవలెను. ఇరువురు వరుసగా ఒకే లోపము చెప్పినచో ఆహారమును పారబోయవలెను. అభిప్రాయములు భిన్నముగా నున్నచో ఇంకొకరిని నియమించవలెను."

అత్తగారు కాసేపు కళ్లు మూసుకుంది. పెళ్లిళ్లలో ఉప్పు చూసేటప్పుడు మూసుకునే పద్ధతి అదే. తర్వాత కళ్లు తెరిచి, వరుస చివరిదాకా వినిపించేలా చెప్పింది.

"అర్థమైందర్రా? ఉప్పు సరిపోయిందంటే సీలేస్తారు. ఇద్దరు వరసబెట్టి తక్కువైందంటే నీళ్లలో పోస్తారు. అందుకని ఒకళ్లు తక్కువంటే ఇంకోళ్లు ఎక్కువనండి. సరిపోయిందని మాత్రం ఎవరూ అనకూడదు. అన్నవాళ్లని నేను చూసుకుంటాను."

జనానికి అర్థమైంది. ఆకలి మీద ఉన్న మనిషికి ఏ చట్టమైనా ఒక్కసారి చెబితే చాలు.

అల్లుడుగారు జేబులోంచి మెడ తాడున్న గుర్తింపు కార్డు తీశాడు. ‘తాత్కాలిక రుచి పరీక్షకులు’ అని రాసి ఉన్న కార్డు శాఖవారు ఒక్కటే ఇచ్చారు. దాన్ని అత్తగారి మెడలో వేస్తుంటే ఆవిడ తల వంచింది. పెళ్లప్పుడు ఆయన కాళ్లు కడిగినప్పుడు కూడా ఇంత వినయంగా తల వంచలేదు. తర్వాత ఫోన్‌లో శాఖవారి ‘చేయూత’ యాప్ తెరిచి, ఆవిడ పేరును ‘బాధితులు’ వరుసలోంచి వేలితో లాగి ‘సిబ్బంది’ వరుసలో వదిలాడు. తెర మీద ఒక పువ్వు విచ్చుకుంది. ‘అభినందనలు! మీ క్యాంపులో బాధితుల సంఖ్య తగ్గింది’ అని అక్షరాలు మెరిశాయి. ఆయన వాటిని పట్టించుకోలేదు.

వంటమేస్త్రి ఒక చెంచాడు తీసి ఆవిడ పళ్లెంలో పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? పిట్టక్కూడా సరిపోదు. ఇంతలో నాకేం తెలుస్తుంది రుచి? వెయ్యి, వెయ్యి."

మేస్త్రి అల్లుడుగారివైపు చూశాడు. "సరిపడినంత," అన్నాడు అల్లుడుగారు గంభీరంగా.

ఆవిడ పళ్లెం నిండుగా వేయించుకుని, పరీక్షగా, నిదానంగా, అడుగంటా తిని, మాత్ర వేసుకుని, మంచినీళ్లు తాగింది. వేళ్ల వణుకు ఆగింది. అల్లుడుగారు ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ మూతి తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఉప్పు తక్కువైంది."

వంటమేస్త్రి ముఖం ఎర్రబడింది. కార్డు తాపీమేస్త్రి మెడలోకి మారింది. యాప్‌లో పువ్వు విచ్చుకుంది. ఆయన రెండు పళ్లేలు పరీక్షించి, "ఎక్కువైంది," అన్నాడు. దర్జీ తక్కువన్నాడు. దర్జీ భార్య మొగుడి మాట కాదనే అవకాశం రావడంతో మహా ఉత్సాహంగా ఎక్కువంది. తర్వాత ఒక చిన్న పిల్ల. కార్డు మోకాళ్ల దాకా వేలాడుతోంది. తిన్నంతసేపూ బుద్ధిగా తిని, ఏమనాలో మర్చిపోయి బిక్కమొహం పెట్టింది. వెనక నుంచి వాళ్ల నాన్న దగ్గి, "త...త..." అని అందించాడు. "తక్కువ!" అంది పిల్ల. వరుసంతా చప్పట్లు కొట్టింది.

అలా ఎక్కువ, తక్కువ, ఎక్కువ, తక్కువ అంటూ పరీక్ష చకచకా సాగింది. ఇంతవరకూ వాళ్లను ఏ సహాయక శిబిరంలోనూ ఎవరూ రుచి గురించి అడగలేదు. అడిగేసరికి కొందరికి నిజంగానే అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. పప్పు ఇంకాస్త ఉడకాలన్నాడొకాయన. కారం చాల్లేదని ఒకావిడ. ‘అది మనకు సంబంధం లేదు, ఉప్పు సంగతి చెప్పండి’ అని అల్లుడుగారు వారించాల్సి వచ్చింది. తుపాను వచ్చినా యుద్ధం వచ్చినా, పెట్టింది కళ్లకద్దుకుని తినడం తప్ప మరోలా తెలియని మనుషులు అప్పుడే పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు తరఫువాళ్లలా కనిపించారు. అది చూసి ఆయనకు తన ఉద్యోగం మీద మొదటిసారి ప్రేమ కలిగింది.

బాధపడింది వంటమేస్త్రి ఒక్కడే. ఎక్కువన్నా తక్కువన్నా దెబ్బ తగిలేది ఆయనకే. "పట్టాభిషేకాలకు వండిన చెయ్యండీ ఇది," అంటూ గరిటె నేలకేసి కొట్టాడు. (పట్టాభిషేకం ఎవరిదో చెప్పలేదు. కోపంలో ఉన్నాడు కదా అని ఎవరూ అడగలేదు.) "ఒక్క మనిషైనా బాగుందనడేం? నేను పోతాను, నన్ను పడవెక్కించండి!"

అత్తగారు లేచి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన గుటక వేసి, మళ్లీ గరిటె తీసుకున్నాడు. ఆవిడ ఏం చెప్పిందో తర్వాత ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. "అబద్ధం చెప్పాను నాయనా, ఉప్పు సరిగ్గా సరిపోయింది" అందిట. ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత పెద్ద విషయమో దిగువ వీధివాళ్లకు తెలుసు. ఎవరూ నమ్మలేదు.

అంతా సవ్యంగా జరుగుతుండగా లెక్కల మాస్టారి వంతు వచ్చింది. రిటైరై చాలా కాలమైంది గానీ, జీవితంలో ఒక్క మార్కు కూడా ఎవరికీ ఊరికే వేసిన మనిషి కాదు. కార్డు వేసుకున్నాడు, తిన్నాడు, కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆయన వెనక ఇంకా సగం వరుస ఉంది. పసిపిల్లల తల్లులు పిల్లలందరికీ ముందు పెట్టేసి తమ వంతు కోసం నిలబడ్డారు.

"ఉప్పు..." అన్నాడు మాస్టారు. "ఉన్న మాట చెప్పాలంటే..."

"ఉన్న మాట ఎవరడిగారండీ మిమ్మల్ని?" అంది అత్తగారు.

"...సరిగ్గా స..."

"మాస్టారూ!" అని వరుసంతా ఒక్కసారి అరిచింది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అల్లుడుగారి చేతిలో సీలు వేసే లక్క కరుగుతోంది. ఆయన దగ్గరికొచ్చి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "మాస్టారూ, తొందరేం లేదండి. నిర్ధారణ కాకపోతే ఇంకో పళ్లెం తినొచ్చు. సరిపడినంత అన్నారు."

మాస్టారు ఇంకో పళ్లెం తిన్నాడు. తిన్నంతసేపూ ఆయన లోపల ఏం జరిగిందో ఆయనకే తెలియాలి. ఆఖరికి తన వెనక నిలబడ్డ తల్లులవైపు చూశాడు. చూసి, తల వంచుకుని, చాలా చిన్న గొంతుతో, "రవ్వంత... ఎక్కువ," అన్నాడు. అని, పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. అందరూ ఆయన భుజం తట్టి పంపారు. బతుకంతా నిజమే చెప్పి సాధించలేనిది ఆ మనిషి ఒక్క అబద్ధంతో సాధించాడు.

పరీక్ష గుండిగ అడుగు కనిపించేదాకా సాగింది. చివరి పరీక్షకులు వంటమేస్త్రీ, అల్లుడుగారూను. మేస్త్రి అడుగు మాడు గీకి తిని, "అమోఘం!" అని గర్వంగా ప్రకటించాడు. అప్పటికి సీలు వేయడానికి గుండిగలో ఏమీ లేదు. అల్లుడుగారు తన పేరును కూడా వేలితో లాగి వదిలాడు. (ఆయన మొదటినుంచీ సిబ్బందే. కానీ పొద్దున్నుంచీ తిండిలేక అటువైపు చేరిపోయాడేమోనన్న అనుమానంతో సరిచేసుకున్నాడు.) యాప్‌లో ఈసారి పువ్వు ఒకటి కాదు, బుట్టెడు కురిశాయి. టపాకాయల చప్పుడు కూడా వచ్చింది.

నివేదికలో ఆయన ఇలా రాశాడు. ‘పంపిణీ చేసిన భోజనములు: లేవు. పరీక్ష: క్షుణ్ణముగా జరిగినది. ఏకాభిప్రాయము కుదరలేదు. ఆహారము పరీక్షలోనే ఖర్చయినది.’ రూలు తప్పలేదు. అన్నం పాడవలేదు. జనం ఇబ్బంది పడలేదు. పై అధికారిణికి మళ్లీ ఫోన్ వెళ్లలేదు. పిల్లలు కడుపు నిండి, గోడకు చేర్చిన బల్లల మీదెక్కి గోలగోల చేస్తుంటే, ఆ గోల వింటూ అల్లుడుగారు నియమావళి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నిజంగానే దిండు అక్కర్లేదు.

భార్యకు ఫోన్ చేశాడు. "మీ అమ్మ తింది. ఉప్పు తక్కువైందంది."

"అయితే బానే ఉందన్నమాట," అందామె.

మర్నాడు పొద్దున్నే పడవ వచ్చింది. జనం గిన్నెలు పట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తారు. పడవలో బస్తాలు లేవు. ఒక అట్టపెట్టె, ఒక కవరు ఉన్నాయి. పెట్టె నిండా మెడ తాళ్లున్న కొత్త గుర్తింపు కార్డులు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి, పేర్లతో సహా అచ్చువేసి ఉన్నాయి. చిన్నపిల్ల కార్డుకు తాడు కూడా పొట్టిగా కట్టి పంపారు. శాఖవారు తలుచుకుంటే ఎంత శ్రద్ధగా, ఎంత వేగంగా పనిచేయగలరో చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

అల్లుడుగారు కవరు చించి, పైకి చదివాడు. ఆ అలవాటు ముందురోజు నుంచే పట్టుకుంది.

"ఒక్క పూటలో తమ క్యాంపునందలి బాధితుల సంఖ్యను సున్నకు తెచ్చినందులకు శాఖ హర్షము వ్యక్తము చేయుచున్నది. ఇట్టి ఘనత మరి ఏ క్యాంపునకును దక్కలేదు. బాధితులు లేనందున నేటి నుండి బియ్యము, పప్పు సరఫరా నిలిపివేయడమైనది. సిబ్బందికి ఉచిత భోజనము వర్తించదు. సిబ్బంది తమ భోజనమును తమ తమ ఇండ్ల నుండి తెచ్చుకొనవలెను."

చదవడం అయిపోయింది. తాపీమేస్త్రి తన కార్డును తిరగేసి చూసుకుంటున్నాడు. అల్లుడుగారు తానే, తన వేలితోనే, ఒక్కొక్క పేరూ లాగి వదిలాడు. పువ్వు విచ్చుకున్న ప్రతిసారీ యాప్ చెబుతూనే ఉంది. ఆయన చదవలేదు. పుస్తకంలో అక్షరం వదలకుండా చదివిన మనిషి, తెర మీది ఒక్క పంక్తిని చదవలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

అత్తగారు మాత్రం వరండా చివరికి వెళ్లి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నీళ్లవైపు చూసింది. రాత్రికి రాత్రి వరద ఇంకా పెరిగి, దిగువ వీధిలో ఆవిడ ఇంటి డాబా మీది నీళ్ల ట్యాంకు ఒక్కటే కనిపిస్తోంది. పక్కిళ్ల ట్యాంకులు కూడా వరుసగా తేలి ఉన్నాయి.

"అదుగో నా ఇల్లు. అటక మీద బియ్యం డబ్బా ఉంది, అంతదాకా నీళ్లెక్కి ఉండవు," అంది. గుప్పిట్లో ఆ పూట వేసుకోవాల్సిన మాత్ర ఉంది. "దీనికింత ఆలోచనెందుకండీ అల్లుడుగారూ? రూలు రూలే కదా. పడవ అటు తిప్పమనండి. అందరం ఇళ్లకెళ్లి క్యారేజీలు కట్టుకొస్తాం."

అల్లుడుగారు మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లి పడవ అంచు పట్టుకున్నాడు. పడవ మనిషి అప్పటికే తాడు విప్పుతున్నాడు. వరండాలో నిలబడ్డ జనాన్నీ, వాళ్ల మెడల్లో కొత్త కార్డుల్నీ ఒకసారి పరకాయించి చూసి, చాలా మర్యాదగా చెప్పాడు.

"ఏమనుకోకండి సార్. పడవలు బాధితులకు మాత్రమే."